హౌస్ సర్జన్సీ అయిపోతోంది: ఏజెన్సీ పీహెచ్‌సీలో చేరాలా, పీజీకి కూర్చోవాలా?

చివరినెల · సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్. ఇంకో ఇరవై రోజుల్లో హౌస్ సర్జన్సీ అయిపోతుంది. మాది ప్రకాశం జిల్లా పడమటి వైపు, నాన్నకి కిరాణా కొట్టు. మా వంశంలో మొదటి డాక్టర్ని నేనే. సివిల్ అసిస్టెంట్ సర్జన్ నోటిఫికేషన్ పడితే అప్లికేషన్ పెట్టాలా వద్దా అని పది రోజులుగా ఒకటే ఆలోచన.

హాస్టల్ గదిలో నలుగురం ఉంటాం. ఇద్దరు ఇప్పటికే నీట్ పీజీ కోచింగ్‌కి డబ్బు కట్టేశారు. మూడో అమ్మాయి ప్లాబ్ రాసి ఇంగ్లండ్ వెళ్తానంటోంది. నేను పీహెచ్‌సీ మాట ఎత్తితే ముగ్గురూ ఒకేసారి "పిచ్చా?" అన్నారు.

సేవ, త్యాగం అని ఉపన్యాసాలు వద్దండీ, దయచేసి. ఉన్నవాళ్ళు ఎందుకున్నారు, వెళ్ళిపోయినవాళ్ళు సరిగ్గా ఏ రోజున వెళ్ళిపోదామనుకున్నారు, అది చెప్పండి చాలు.

పాతస్టెత్ · సోమవారం రాత్రి 11:30

అమ్మా, నేను 1988లో చేరాను. ఇప్పుడు రిటైరయ్యాను. నిజం చెప్పమన్నావు గనక చెబుతున్నా, ఏజెన్సీకి నేను సేవ చెయ్యడానికి వెళ్ళలేదు. పీజీ సీటు కోసం వెళ్ళాను. అప్పట్లో సర్వీస్ కోటా (ప్రభుత్వ డాక్టర్లకి విడిగా ఉంచే పీజీ సీట్లు) లెక్క గిరిజన ప్రాంతంలో అయితే రెండేళ్ళు, మామూలు పల్లెలో అయితే మూడేళ్ళు. ఏడాది కలిసొస్తుంది కదా అని కొండెక్కాను.

క్వార్టర్స్ తలుపు తీస్తే లోపల మేకలు. ఫార్మసిస్టు గారు చీపురుతో వాటిని తోలి, గది కడిగించి, తన మంచం తెచ్చి వేశారు. ఆయన అప్పటికి పధ్నాలుగేళ్ళుగా అక్కడే ఉన్నారట. నేను ఎన్నో డాక్టర్నో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. తొమ్మిదో వాణ్ణి.

రెండేళ్ళ మూడు నెలలకి జనరల్ సర్జరీ సీటొచ్చింది. ఆర్డరు చేతికొచ్చిన మర్నాడే పెట్టె సర్దుకున్నాను. మళ్ళీ ఆ ఊరి మొహం చూసింది పదహారేళ్ళ తర్వాత, అదీ ఒక క్యాంపు కోసం. సర్జన్ని అయ్యాక నన్ను పీహెచ్‌సీలో పెట్టుకుని ఏం చేసుకుంటారు చెప్పు? అక్కడ మత్తిచ్చేవాడు లేడు, థియేటర్ లేదు. మనిషిని కొండెక్కించేదీ ఆ కోటాయే, దింపేదీ ఆ కోటాయే. నా సర్వీసంతా చూసిన మెలిక ఇది.

అడవిదారి · మంగళవారం ఉదయం 6:15

నేను డాక్టర్ని కాదు. పాడేరు వైపు కొండ మీద స్కూలు టీచర్ని. మా అమ్మ ఆశా కార్యకర్త.

మా పీహెచ్‌సీ గోడ మీద సిబ్బంది పేర్ల బోర్డు ఒకటుంది. ఫార్మసిస్టు పేరు, ల్యాబ్ టెక్నీషియన్ పేరు, ఏఎన్‌ఎమ్‌ల పేర్లు అన్నీ తెల్ల పెయింటుతో రాసుంటాయి. వైద్యాధికారి అన్న చోట మాత్రం సుద్దముక్కతో రాస్తారు. ఎవరూ చెప్పి చేయించింది కాదది, పెయింటరుకే విసుగొచ్చింది.

కొండ మీద రోడ్డు లేని గూడేల నుంచి పురిటి మనిషిని డోలీలో మోసుకొస్తారు. నలుగురు మోస్తారు, ఇంకో నలుగురు మార్చుకోడానికి వెనకాల నడుస్తారు. దిగువకి వచ్చాక ఫీడర్ అంబులెన్స్ (బైకు అంబులెన్స్) దొరికితే అదృష్టం. ఇంతా చేసి పీహెచ్‌సీకి వస్తే "డాక్టరు మీటింగుకి వెళ్ళారు" అంటే మోసినవాళ్ళ మొహాలు చూడాలి. రెండోసారి వాళ్ళు రారు. ఇంట్లోనే పురుడు పోస్తారు. తర్వాత పేపర్లో "గిరిజనుల్లో అవగాహన లేదు" అని రాస్తారు.

కోటా30 · మంగళవారం ఉదయం 9:03

ప్రస్తుతం ఇన్‌సర్వీస్ పీజీ రెండో ఏడాది. పాతస్టెత్ సార్ మాట సగమే ఒప్పుకుంటా. కోటా లేకపోతే మనిషి అసలు కొండెక్కడు గదా సార్!

కొత్తవాళ్ళ కోసం కాస్త చరిత్ర. పీజీ డిగ్రీ సీట్లలో రాష్ట్రాలు ఇన్‌సర్వీస్ కోటా పెట్టకూడదు, కావాలంటే మారుమూల పనిచేసినవాళ్ళకి ఏడాదికి 10 శాతం చొప్పున, గరిష్ఠంగా 30 శాతం దాకా అదనపు మార్కులు ఇచ్చుకోండి అనేది పాత మెడికల్ కౌన్సిల్ రూలు. 2016లో సుప్రీంకోర్టు కూడా అదే సరి అంది. తర్వాత తమిళనాడు ప్రభుత్వ డాక్టర్ల సంఘం వేసిన కేసులో 2020 ఆగస్టు 31న అయిదుగురు జడ్జీల ధర్మాసనం తిప్పి చెప్పింది, కోటా పెట్టే అధికారం రాష్ట్రాలదే అని. మన ఆంధ్రాలో క్లినికల్‌లో (రోగుల్ని చూసే సబ్జెక్టుల్లో) 30, నాన్‌క్లినికల్‌లో 50 శాతం అమలైంది. నా యూజర్ పేరు అందుకే అది. 2024 జులైలో క్లినికల్ కోటాని 15కి కోశారు. పీహెచ్‌సీ డాక్టర్లు రోడ్డెక్కాక 20 అన్నారు. 2025లో మళ్ళీ సమ్మె.

నేను చేరినప్పుడు ఉన్న లెక్క వేరు, నా జూనియర్ చేరేసరికి లెక్క వేరు. మూడేళ్ళు అడవిలో ఉండడానికి సిద్ధపడినవాడికి మూడేళ్ళ తర్వాత ఏముంటుందో తెలియాలా వద్దా? నాకు జీతం గురించి పెద్దగా పేచీ లేదు. ఆట మధ్యలో గీత చెరపొద్దనేదే నా గొడవ.

పన్నుకట్టేవాడు · మంగళవారం ఉదయం 10:20

ఇదంతా ఏడుపు. ప్రభుత్వ కాలేజీలో మా పన్నులతో చదివి, పల్లెకి వెళ్ళమంటే వంద వంకలు. పదేళ్ళ బాండ్ రాయించుకుని, చెయ్యకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యండి. మిలిటరీలో పోస్టింగ్ నచ్చలేదంటే వింటారా?

పాతస్టెత్ · మంగళవారం ఉదయం 11:48

బాబూ, బాండ్ చెల్లుతుందని 2019 ఆగస్టులో సుప్రీంకోర్టే చెప్పింది, దానికి పేచీ లేదు. దేశమంతటికీ ఒకే పద్ధతి పెట్టుకోండని సలహా కూడా ఇచ్చింది. కానీ బాండ్ మీద వచ్చిన కుర్రాళ్ళని నేను చూశాను. ఏడాది ఏ తేదీన అయిపోతుందో క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టుకుని కూర్చుంటారు. టేబుల్ వెనక పుస్తకం తెరిచి ఉంటుంది, ముందు జనం నిలబడి ఉంటారు. మనిషిని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టగలవు. రోగి పొట్ట మీద చెయ్యి వేయించడం ఏ బాండ్‌తో అవుతుంది?

సూదిమందు · మంగళవారం మధ్యాహ్నం 1:35

నేను తెలంగాణల స్టాఫ్‌నర్స్‌ని, పందొమ్మిదేండ్ల సర్వీసు. మీరంత పెద్ద పెద్ద ముచ్చట్లు చెప్తున్నరు గని అసలు ముచ్చట ఎవ్వరు చెప్తలేరు. డిప్యుటేషన్.

మా పీహెచ్‌సీల డాక్టర్ పోస్టు నిండిందే. రికార్డుల ఖాళీ లేదు. పోస్టు ఈడ, జీతం ఈడ, మనిషి మాత్రం పట్నంల. "పరిపాలనా అవసరాల దృష్ట్యా" అని ఒక కాయితం వస్తది. అంతే సంగతి. ఖాళీ లేదు కాబట్టి కొత్త డాక్టర్‌ని ఇయ్యరు. మనిషి లేడు కాబట్టి ఓపీ నేను, ఫార్మసిస్టు చూసుకుంటం. ఖాళీ పోస్టన్న మంచిదే, ఎవరన్న వస్తరని ఆశ ఉంటది.

మంచోళ్ళు కూడ వస్తరు. 2022ల బోర్డు పెట్టి సివిల్ అసిస్టెంట్ సర్జన్ల భర్తీ చేసిన్రు గద, అప్పుడు కాంట్రాక్టు చేసినోళ్ళకు 20 మార్కులు పెట్టిన్రు. గిరిజన ప్రాంతంల ఆరునెలలకు 2.5, బయట చేస్తే 2. మార్కుల కోసమే అనుకోండ్రి, ఒక పిల్లగాడు మా దగ్గర మూడేండ్లు కదలకుండ చేసిండు. రెగ్యులర్ అయినంక వేరే జిల్లాకు పడ్డడు. అర మార్కు తేడాకు మనిషి అడివిల ఉంటడంటే, ఎనకబడ్డ చోటుకు ఇంక జర ఎక్కువ ఇయ్యరాదా?

చివరినెల · మంగళవారం మధ్యాహ్నం 2:10

@సూదిమందు అక్కా, ఆ డిప్యుటేషన్ కాగితం ఎవరిస్తారు? అడిగితే ఇచ్చేస్తారా?

సూదిమందు · మంగళవారం మధ్యాహ్నం 2:14

అడిగితే ఇయ్యరు. అడిగిపిస్తే ఇస్తరు. 🙂

నిర్వాహకుడు · మంగళవారం మధ్యాహ్నం 3:00

ఊళ్ళు, ఆస్పత్రులు, అధికారుల పేర్లతో ఆరోపణలు రాయొద్దు. రెండు పోస్టులు సరిదిద్దాను. @పన్నుకట్టేవాడు, మీ మూడో పోస్టు తీసేశాను, ఎందుకో మీకు తెలుసు.

లెక్కలమాస్టారు · మంగళవారం సాయంత్రం 5:52

కమ్యూనిటీ మెడిసిన్‌లో పాఠాలు చెబుతాను. ఈ బెడద మనకొక్కళ్ళకే కాదు.

థాయిలాండ్‌లో 1972లోనే కొత్త డాక్టర్లందరికీ మూడేళ్ళ ప్రభుత్వ సర్వీసు తప్పనిసరి చేశారు. ఎగ్గొడితే 4 లక్షల బాత్‌ల జరిమానా. దేశంలో ప్రైవేటు ఆస్పత్రులు పుట్టగొడుగుల్లా లేచిన 1990ల్లో ఏమైంది? జరిమానా మొహాన కొట్టి వెళ్ళిపోయారు. వాళ్ళని నిజంగా ఆదుకున్నది ఇంకోటి. పల్లె పిల్లల్ని వేరుగా ఎంపిక చేసి, వాళ్ళ సొంత ప్రాంతపు ఆస్పత్రుల్లోనే క్లినికల్ చదువు చెప్పించారు. అంతకు ముందే 1970ల్లో పల్లె డాక్టర్లు సొంతంగా సంఘం పెట్టుకున్నారు. అక్కడ పల్లెలో పనిచేసినవాడంటే వెనకబడినవాడు కాదు, ఒక గుర్తింపు.

జపాన్‌లో జిచి వైద్య విశ్వవిద్యాలయం కూడా 1972దే. ఒక్కో ప్రిఫెక్చర్ (మన జిల్లా లాంటిది) నుంచి ఇద్దరో ముగ్గురో పిల్లలు. ఫీజు అప్పుగా ఇస్తారు, సొంత ప్రిఫెక్చర్‌లో తొమ్మిదేళ్ళు చేస్తే అప్పు మాఫీ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒకసారి, 2021లో మరోసారి మార్గదర్శకాలిచ్చింది. రెండింటిలోనూ ముందు వరసలో ఉన్న మాట పల్లె నేపథ్యం ఉన్న పిల్లల్ని చేర్చుకోమనే.

ఇక మన సంగతి. మనకీ 85 శాతం లోకల్ సీట్లున్నాయి కదా అంటారు. ఆ లోకల్ అంటే ఏమిటి? వరసగా నాలుగేళ్ళు ఏ ప్రాంతంలో చదివావన్నది. శ్రీశైలం అడవి అంచున పుట్టినవాడూ తిరుపతి కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో పెరిగినవాడూ ఒకే లోకల్. మ్యాపు మీద పల్లె అనే గీత ఎక్కడా లేదు. సీట్లు పెంచితే డాక్టర్లు వాళ్ళంతట వాళ్ళే పల్లెలకి పారతారనుకుంటున్నాం. చెరువు నిండితే మెరకకి కూడా నీళ్ళెక్కుతాయా?

కోటా30 · మంగళవారం సాయంత్రం 6:30

మాస్టారూ, ఛత్తీస్‌గఢ్ మర్చిపోయారు. మూడేళ్ళ కోర్సు పెట్టి పల్లెలకి పంపారు కదా?

లెక్కలమాస్టారు · మంగళవారం సాయంత్రం 7:05

మర్చిపోలేదు, తిట్లు తినాల్సొస్తుందని ఊరుకున్నా. 2001లో చట్టం చేశారు, డాక్టర్ల సంఘాలు గొడవపడ్డాయి, కోర్సు కొన్నేళ్ళకే ఆగింది. చదివినవాళ్ళు మాత్రం రూరల్ మెడికల్ అసిస్టెంట్లుగా పీహెచ్‌సీల్లో పనిచేశారు. అక్కడ నాకు నచ్చింది ఆ తర్వాత వచ్చిన రూరల్ మెడికల్ కోర్. ఊళ్ళని మామూలు, కష్టం, మరీ కష్టం, చేరలేనివి అని విడదీసి డబ్బూ పీజీ మార్కులూ దాని ప్రకారం ఇచ్చారు. మన జాబితాలో జిల్లా కేంద్రానికి పావుగంట దూరంలో ఉన్న పల్లె, వాగు పొంగితే మూడు రోజులు తెగిపోయే ఊరు రెండూ "గ్రామీణ"మే.

కాన్సాస్తెలుగు · బుధవారం తెల్లవారుజామున 4:40

ఇది రాయాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. గుంటూరులో చదివాను. 2009లో పీహెచ్‌సీ పోస్టు వస్తే "ఆ పల్లెలో ఎవరుంటారు" అని చేరలేదు. అమెరికా వచ్చి రెసిడెన్సీ జె-1 వీసా మీద చేశాను. ఆ వీసా వాళ్ళు చదువయ్యాక రెండేళ్ళు సొంత దేశానికి వెళ్ళి తీరాలి. తప్పించుకోవాలంటే కాన్‌రాడ్ 30 అని ఒక దారుంది. 1994 నాటిది. రాష్ట్రానికి ఏడాదికి 30 మంది, డాక్టర్లు లేని ప్రాంతంలో మూడేళ్ళు పనిచెయ్యాలి.

అలా నేను ఎక్కడికొచ్చానో తెలుసా? ఎటు చూసినా గోధుమ చేలు, మధ్యలో చిన్న ఆస్పత్రి. దగ్గరి ఇండియన్ కొట్టుకి రెండున్నర గంటల డ్రైవు. కరివేపాకు డీప్ ఫ్రీజర్‌లో దాచుకునేవాళ్ళం. మూడేళ్ళయ్యాక కూడా వెళ్ళలేదు, ఇది పదకొండో ఏడు.

ఎందుకున్నాను అంటే జీతం ఒకటే కాదు. సంతకం పెట్టిన కాగితంలో తేదీ ఉంది, అది మారలేదు. వచ్చేసరికి ఇల్లు తాళం చెవితో సహా సిద్ధంగా ఉంది. రాత్రి నాకు తెలియని కేసు వస్తే పెద్దాస్పత్రి స్పెషలిస్టు ఫోనెత్తుతాడు. నా ఊరి పల్లెని కాదని ఇంకొకళ్ళ పల్లెకి వచ్చి ఉన్నాను, ఆ మాట మా నాన్న ఉన్నన్నాళ్ళూ అన్నాడు.

అడవిదారి · బుధవారం ఉదయం 6:40

@కాన్సాస్తెలుగు డాక్టరు గారూ, మీ మీద కోపం లేదండీ. ఆ తాళం చెవి మాట రెండుసార్లు చదివాను.

రాత్రిడ్యూటీ · బుధవారం రాత్రి 9:25

మూడు రోజులుగా చదువుతున్నాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నా. ఏజెన్సీలో ఆరేళ్ళుగా ఉన్నాను, ఇంకా ఉన్నాను. ఆడ డాక్టర్ని.

@చివరినెల, వెళ్ళిపోదామనుకున్న రోజు అడిగావు కదా. నాకది మూడో ఏడాదిలో వచ్చింది. వాన రాత్రి, కరెంటు లేదు. పదకొండింటికి పాము కాటు కేసు, పన్నెండేళ్ళ కుర్రాడు. కట్లపామని తండ్రి అన్నాడు. రెప్పలు వాలిపోతున్నాయి. గాజు సీసాలో నెత్తురు తీసి ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టాను, గడ్డకట్టింది. అంటే నెత్తురు మీద కాదు, నరాల మీద పనిచేస్తున్న విషం. విషానికి విరుగుడు మందు పది వయల్స్ ఎక్కించడం మొదలుపెట్టాను. సెల్‌ఫోన్ లైటు నోట్లో పట్టుకున్నాను, ఎందుకంటే నర్సు అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరందించే సంచి) పట్టుకుని నిలబడింది, మూడో మనిషి లేడు. 108 వాగు అవతల ఆగిపోయింది. తెల్లారేదాకా ఇద్దరం వంతులేసుకుని బ్యాగ్ నొక్కాం. కుర్రాడు బతికాడు. పొద్దున ఏడింటికి బాత్‌రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకుందామంటే గడియ లేదు. దారంతో కట్టుకునేదాన్ని రోజూ. ఆ రోజు ఆ దారం చూసి ఏడుపొచ్చింది. పాముకి కాదు, గడియకి.

రాజీనామా రాశాను కూడా. ఇవ్వలేదు. ఎందుకంటే ఆ వారమే రెండో డాక్టరు చేరాడు. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు అనే పద్ధతి వచ్చింది కదా, ఫ్యామిలీ డాక్టర్ పథకం పేరుతో, ఒకరు పీహెచ్‌సీలో ఉంటే ఇంకొకరు 104 బండిలో ఊళ్ళు తిరగాలని. ఆ పథకం మీద రాజకీయంగా ఎవరేమనుకున్నా, నన్ను నిలబెట్టింది ఆ రెండో మనిషే. నెలలో రెండు ఆదివారాలు ఇంటికి వెళ్ళొచ్చేదాన్ని. తెలియని ఎక్స్‌రే ఇద్దరం కలిసి కిటికీకి పెట్టి చూసేవాళ్ళం. తప్పు చేస్తే తిట్టడానికైనా పక్కన ఒకళ్ళుండాలి. ఒంటరిగా చేసే వైద్యంలో రోజురోజుకీ చదువు తరిగిపోతుంది, అది బయటికి కనపడదు.

గడియ నేనే కొని పెట్టించుకున్నాను. నలభై రూపాయలు. 2024 ఆగస్టులో కోల్‌కతాలో డ్యూటీ డాక్టర్ హత్యాచార ఘటన తర్వాత భద్రత మీద సర్క్యులర్లు చాలా వచ్చాయి. గడియ మాత్రం రాలేదు.

ఇంకో చిన్న విషయం. ముఖం చూపించి హాజరు వేసే యాప్ ఉంది. మా దగ్గర సిగ్నల్ రావాలంటే వెనక దిబ్బ ఎక్కాలి. ఓపీలో జనం కూర్చుని ఉండగా డాక్టరు దిబ్బెక్కి మొహం చూపిస్తుంటే వాళ్ళేమనుకుంటారో మీరే ఊహించుకోండి.

పన్నుకట్టేవాడు · బుధవారం రాత్రి 10:02

మేడం, నా మొదటి పోస్టు భాష తప్పే. బాండ్ విషయంలో మాట మార్చుకోను గానీ, గడియ సంగతి చదివాక తిండి సహించలేదు.

సూదిమందు · బుధవారం రాత్రి 10:31

మేడం, బ్యాగ్ వట్టిన నర్సు గురించి కూడ రాసిన్రు. అందరు రాయరు. థ్యాంక్స్.

కోటా30 · గురువారం ఉదయం 8:45

రాత్రిడ్యూటీ మేడం, ఒక్క ప్రశ్న. ఆరేళ్ళయినా పీజీకి ఎందుకు వెళ్ళలేదు?

రాత్రిడ్యూటీ · గురువారం మధ్యాహ్నం 1:20

ఈ ఏడు రాస్తున్నాను. 🙂 పాప యూకేజీ అయిపోతోంది. ఊళ్ళో ఒకటో తరగతికి టీచరు ఒక్కడే, అయిదు తరగతులకీ అతనే. పాప లేకపోతే ఇంకో నాలుగేళ్ళు ఉండేదాన్నేమో. ఫ్యామిలీ మెడిసిన్ సీటొస్తే మళ్ళీ ఇక్కడికే రావాలని ఉంది, కానీ పీహెచ్‌సీలో ఆ పోస్టు లేదట.

పాతస్టెత్ · గురువారం మధ్యాహ్నం 3:15

అదే తల్లీ నా గోల కూడా. ఎంబీబీఎస్ మెట్టు పీహెచ్‌సీలో, దాని మీది మెట్టు పట్నంలో. మధ్యలో మెట్టు కట్టలేదు. సీహెచ్‌సీ (పీహెచ్‌సీకి పైన ఉండే సామాజిక ఆరోగ్య కేంద్రం) అయినా ఆ మెట్టు కావాల్సింది. సర్జన్, ఫిజీషియన్, గైనిక్, పిల్లల డాక్టరు అని నలుగురు ఉండాలంటారు. 2022 నాటి కేంద్ర లెక్కల్లోనే దేశం మొత్తం మీద గ్రామీణ సీహెచ్‌సీల్లో స్పెషలిస్టుల కొరత దాదాపు 80 శాతం. నలుగురు ఉండాల్సిన చోట సగటున ఒక్కడు కూడా లేడు. ఆ ఒక్కడైనా, గైనిక్ ఉన్నచోట మత్తు డాక్టరు లేకపోతే సిజేరియన్ చెయ్యలేదు, కూర్చుని సెలవులు లెక్కపెట్టుకుంటుంది. విడివిడిగా కాదు, జట్టుగా వెయ్యండని ఎన్ని మీటింగుల్లో చెప్పానో.

లెక్కలమాస్టారు · గురువారం సాయంత్రం 6:10

జిల్లాకో మెడికల్ కాలేజీ వచ్చాక ఆ కొరతకి కొత్త రూపం వచ్చింది. తెలంగాణలో 2024తో అన్ని జిల్లాల్లోనూ కాలేజీలయ్యాయి. ఆంధ్రాలో 2023లో అయిదు, తర్వాత పాడేరు. తనిఖీకి లెక్క చూపాలి కనుక చుట్టుపక్కల స్పెషలిస్టులు కాలేజీల వైపు లాగబడుతున్నారు. పీజీ పిల్లల్ని మూడు నెలలు జిల్లా ఆస్పత్రికి పంపే డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ మంచిదే, నా విద్యార్థులు కొందరు అక్కడికి వెళ్ళొచ్చాకే జిల్లా ఉద్యోగం గురించి మాట్లాడుతున్నారు. మూడు నెలలే కాబట్టి పేర్లు గుర్తుపట్టేలోపు వెళ్ళిపోతారు, అది వేరే సంగతి.

చివరినెల · ఆదివారం రాత్రి 8:50

అందరికీ చాలా థ్యాంక్స్. ఒక పని చేశాను. ఖాళీ ఉండొచ్చంటున్న ఒక ఏజెన్సీ పీహెచ్‌సీకి నిన్న నాన్నతో కలిసి వెళ్ళొచ్చాను, ఎవరికీ చెప్పకుండా, రోగుల్లాగా. బోర్డు చూశాను. అడవిదారి గారూ, ఇక్కడా సుద్దముక్కే. క్వార్టర్స్ ఉన్నాయి, గడియ ఉంది, కుళాయిలో నీళ్ళు లేవు. రెండో డాక్టరు పోస్టు నిండిందట, మనిషిని చూడలేదు, సూదిమందు అక్క మాట గుర్తొచ్చింది. వెళ్ళేముందు నర్సమ్మకి నిజం చెప్పేశాను. ఆమె జీతం గురించీ ఊరు గురించీ ఏమీ చెప్పలేదు. "ఎన్నాళ్ళుంటారమ్మా?" అని ఒక్కటే అడిగింది. నాన్న నా వంక చూశాడు. "మూడేళ్ళు" అన్నాను. నోటికొచ్చేసింది.

కరెంటు రోజూ సాయంత్రం పోతుందట. ఇన్వర్టర్ మనమే కొనుక్కోవాలా, అడిగితే ఇస్తారా?

రాత్రిడ్యూటీ · ఆదివారం రాత్రి 9:12

అడుగు, ఉత్తరం పెట్టు, కాపీ దాచుకో. ఈలోగా సొంతది కొనుక్కో. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ అయితే రాత్రంతా ఫ్యాను, రెండు లైట్లు వస్తాయి. ప్రసూతి గదికి కూడా ఒక వైరు లాగించు, ఎలక్ట్రీషియన్ ఊళ్ళో ఉండడు, మండల కేంద్రం నుంచే తీసుకెళ్ళు.